మనిషినే అని చెప్పాలి, ఏ మనిషినో చెప్పకూడదు. దారి ఉందా?

తీగమల్లె · ఆదివారం, రాత్రి 10:42

తాగుడు మానేసినవాళ్లు, మానాలని తంటాలు పడుతున్నవాళ్లు కలిసి మాట్లాడుకునే చిన్న ఆన్‌లైన్ గ్రూప్ ఒకటి ఆరేళ్లుగా నడుపుతున్నాను. 340 మంది ఉన్నాం. ఎవరి అసలు పేరూ నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. గ్రూప్ నిలబడిందే ఆ నమ్మకం మీద. ఇంట్లో, ఆఫీసులో నోరు విప్పలేని మాటలు ఇక్కడ చెప్పుకుంటారు.

మూడు నెలలుగా బాట్లు, అంటే మనుషుల్లా ఖాతాలు తెరిచి వాటంతట అవే రాసే ప్రోగ్రాములు, వచ్చి పడుతున్నాయి. మొదట్లో వచ్చినవి ప్రకటనలు వేసేవి, ఇట్టే దొరికిపోయేవి. ఇప్పుడొచ్చేవి అలా లేవు. తాగుడు ఎలా మానామో కథలు రాస్తాయి. రాత్రి రెండు గంటలకు ఎవరైనా "ఇవాళ ఆగలేకపోతున్నాను" అంటే నిమిషం తిరక్కుండా ఓదారుస్తాయి. మూడు నాలుగు వారాలయ్యాక ప్రైవేట్ మెసేజ్‌లో ఏదో చికిత్సా కేంద్రం లింకు పంపి డబ్బు కట్టమంటాయి. మా సభ్యురాలు ఒకామె అలాంటి ఖాతాతో 41 రోజులు మాట్లాడింది. అవతల మనిషి లేడని తేలాక నాకు ఒక్క వాక్యం రాసింది: "ఇన్నాళ్లూ నేను ఏడ్చింది ఎవరి దగ్గర?" మళ్లీ రాలేదు.

వచ్చేవాళ్లు మనుషులేనని నాకు రూఢి కావాలి. వాళ్లెవరో మాత్రం నాకు తెలియకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదురుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిమాట · ఆదివారం, రాత్రి 11:05

గుర్తింపు కార్డు అడగండి. కటువుగా ఉందని తెలుసు, కానీ వేరే దారి నాకు కనిపించడం లేదు. అడగకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2017లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఇంటర్నెట్ నిబంధనల మీద ప్రజాభిప్రాయం కోరింది. 2 కోట్ల 20 లక్షలకు పైగా వచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు చేసి 2021లో నివేదిక ఇస్తే, అందులో సుమారు కోటీ 80 లక్షలు నకిలీవని తేలింది. 77 లక్షలు ఒక్క 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి పంపినవే. నిజంగా కూర్చుని రాసినవాళ్ల గొంతు ఆ గుట్ట కింద పడి నలిగిపోయింది. పేరు దాచుకునే హక్కు కన్నా మోసపోకుండా ఉండే హక్కు పెద్దది కాదా?

తాళంచెవి · ఆదివారం, రాత్రి 11:31

సూటిమాట గారూ, అదే నివేదికలో ఇంకో సగం ఉంది. మరో 85 లక్షల అభిప్రాయాలు ఇంటర్నెట్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారం నుంచి వచ్చాయి. వాటి కింద నిజమైన మనుషుల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. తమ పేరు వాడుకున్నారని ఆ మనుషులకే తెలియదు. పేరు ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు.

తీగమల్లె గారూ, మీ ప్రశ్నకు జవాబు ఉంది. కాస్త పెద్దది, రేపు తీరిగ్గా రాస్తాను.

చిరుగాలి · సోమవారం, ఉదయం 6:50

కార్డు మాత్రం అడగొద్దండీ. రెండేళ్ల క్రితం ఒక యాప్ వయసు రుజువు కోసం కార్డు ఫోటో, కార్డు పట్టుకుని దిగిన సెల్ఫీ అడిగింది. చూశాక తీసేస్తామని అదే పేజీలో రాసి ఉంది. ఇచ్చాను. తొమ్మిది నెలలకు నా ముఖంతో, నా పుట్టినరోజుతో ఇంకెక్కడో ఖాతాలు తెరిచారు. అప్పు తీర్చమని ఫోన్లు. నిద్రపట్టని రాత్రులు ఎన్నో. అది నేను కాదని రుజువు చేసుకోవడానికి మళ్లీ అదే కార్డు పది చోట్ల ఇవ్వాల్సి వచ్చింది.

ఇది నా ఒక్కదాని కథ అయితే వదిలేద్దును. దక్షిణ కొరియాలో 2007లో చట్టమే చేశారు, పెద్ద సైట్లలో కామెంట్ రాయాలంటే అసలు గుర్తింపు రుజువు చేసుకోవాలని. 2011లో అక్కడి ఒక పెద్ద సైట్ మీద దాడి జరిగి మూడున్నర కోట్ల మంది వివరాలు పోయాయి. మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ వాళ్ల కోసం పనిచేసే బయటి సంస్థ నుంచి సుమారు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫోటోలు బయటపడ్డాయి. వయసు విషయంలో తమకు అన్యాయం జరిగిందని మొరపెట్టుకోవడానికి జనం పంపినవి అవి.

మీ గ్రూప్ వాళ్ల వివరాలు అలా పోతే పోయేది పేరొక్కటే కాదు. "వీళ్లు తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్నవాళ్లు" అనే జాబితా పోతుంది.

చుక్కాని · సోమవారం, ఉదయం 8:14

నాకు టెక్నికల్ విషయాలు పెద్దగా తెలియవు. "నేను రోబోను కాదు" అని టిక్ పెట్టిస్తే సరిపోదా? లేకపోతే ఫోన్ నంబరుకు ఓటీపీ?

పాతకాపు · సోమవారం, ఉదయం 9:30

చుక్కాని గారూ, ఒకప్పుడు సరిపోయేది. ఇరవై ఏళ్లకు పైగా చర్చా వేదికలు నడిపినవాణ్ణి, ఆ రోజులు చూశాను. మనిషో యంత్రమో తేల్చే ఇలాంటి పరీక్షలకు క్యాప్చా అనే పేరు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టింది. వంకర టింకర అక్షరాలను మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు అన్నదే దాని పునాది. ఆ పునాది కదిలిపోయింది. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ పరిశోధకులు 1,400 మందితో పరీక్షిస్తే చాలా రకాల క్యాప్చాల్లో మనుషుల కన్నా బాట్లే వేగంగా, తక్కువ తప్పులతో చేస్తున్నాయని తేలింది. మరుసటి ఏడాది జ్యూరిక్ పరిశోధకులు ట్రాఫిక్ లైట్లు, బస్సులు గుర్తించమనే బొమ్మల క్యాప్చాను యంత్రంతో ప్రతిసారీ గెలిపించారు.

ఇప్పుడు ఆ టిక్ వెనక జరిగేది వేరు. మౌస్ ఎలా కదిలింది, బ్రౌజర్‌లో పాత కుకీలు (సైట్లు వదిలివెళ్లే గుర్తులు) ఉన్నాయా, ఇంతకుముందు ఏమేం చేశారు అని చూస్తారు. అంటే ఒంటిమీద జాడలు ఎక్కువ ఉన్నవాడు మనిషి, జాడలు తుడుచుకుని తిరిగేవాడు అనుమానితుడు. మీ సభ్యుల్లాంటి వాళ్లకు ఇది అచ్చంగా ఎదురు తిరుగుతుంది.

ఫోన్ నంబరు సంగతి కూడా అంతే. భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడుకున్నందుకు 2022లో ట్విట్టర్ 15 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

వినికిడి · సోమవారం, మధ్యాహ్నం 1:20

నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తే ఇక్కడ రాస్తున్నాను. క్యాప్చా గురించి మాట్లాడేటప్పుడు నాలాంటి వాళ్లు ఎవరికీ గుర్తు రారు కాబట్టి చెప్తున్నాను.

బొమ్మలు నాకు కనపడవు. వాటి బదులు వినిపించే క్యాప్చా అంటారు. బాట్లకు అర్థం కాకూడదని అందులో రొద కలుపుతారు. ఆ రొదలో అంకెలు పట్టుకోవాలి, అదే సమయంలో నా స్క్రీన్ రీడర్ కూడా మాట్లాడుతూ ఉంటుంది. ఒక బిల్లు కట్టడానికి పదకొండుసార్లు ప్రయత్నించి, చివరికి పక్కింటి అబ్బాయిని పిలిచి నా పాస్‌వర్డ్ చెప్పాను. క్యాప్చా వల్ల చూపు లేనివాళ్లు బయట ఉండిపోతున్నారని వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ 2005లోనే హెచ్చరించింది.

2023లో జీపీటీ-4 అనే ఏఐ విడుదలైనప్పుడు ఒక పరీక్ష గురించి రాశారు. క్యాప్చా దాటడానికి అది డబ్బిచ్చి ఒక మనిషి సాయం కోరింది. "నువ్వు రోబోవా?" అని ఆయన అడిగితే, కాదు, నాకు చూపు సరిగా లేదు అని చెప్పింది. ఆయన నమ్మి చేసిపెట్టాడు. అది విన్న రోజు చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఇక మీదట నేను నిజంగా ఆ మాట చెప్తే నమ్మేదెవరు?

తీగమల్లె గారూ, మీరు ఏ తలుపు పెట్టినా సరే, అది కంటితో తెరిచే తలుపు మాత్రం కాకూడదు.

తీగమల్లె · సోమవారం, మధ్యాహ్నం 2:02

వినికిడి గారూ, మా గ్రూప్‌లో ప్రస్తుతం బొమ్మల క్యాప్చానే ఉంది. మీరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు. క్షమించండి. ఈ రాత్రికే తీసేస్తాను.

తాళంచెవి · సోమవారం, రాత్రి 9:48

రాస్తానన్నది రాస్తున్నాను. నేను ఇలాంటి వ్యవస్థలు కట్టే పనిలోనే ఉన్నాను, ఈ విషయం నాకు ప్రాణం. ఎక్కువైతే మన్నించండి.

"నేను మనిషిని" అనేది ఒక మాట. "నేను ఫలానా మనిషిని" అనేది పూర్తిగా వేరే మాట. మనకు అలవాటైన పద్ధతులన్నీ మొదటిది తెలుసుకోవడానికి రెండోది అడుగుతున్నాయి. అడగనక్కర్లేదని గణితం ఎప్పుడో తేల్చింది.

1983లో వెలువడిన ఒక పత్రంలో డేవిడ్ చౌమ్ అనే పరిశోధకుడు "చూడకుండా పెట్టే సంతకం" ఎలా సాధ్యమో చూపించాడు. పోలిక కూడా ఆయనదే. మీరొక కాగితం మీద మీకు మాత్రమే తెలిసిన పెద్ద అంకె రాసుకుంటారు. లోపల కార్బన్ పేపరు ఉన్న కవరులో పెట్టి అంటించేస్తారు. దాన్ని తీసుకుని ధ్రువీకరించే వాళ్ల దగ్గరికి వెళ్తారు. వాళ్లు మిమ్మల్ని చూసి, మనిషేనని తృప్తి పడి, కవరు మీద సంతకం పెడతారు. కార్బన్ వల్ల సంతకం లోపలి కాగితం మీద పడుతుంది. మీరు ఇంటికొచ్చి కవరు చించేసి కాగితం ఉంచుకుంటారు. తర్వాత తీగమల్లె గారి తలుపు దగ్గర ఆ కాగితం చూపిస్తారు. సంతకం అసలైనదని ఆమెకు తెలుస్తుంది. మీరెవరో తెలియదు. ఆ కాగితం తీసుకెళ్లి సంతకం పెట్టినవాళ్లకు చూపించినా, అది ఎవరి కవరులోదో వాళ్లూ చెప్పలేరు, ఎందుకంటే లోపలి అంకెను వాళ్లు చూడనే లేదు. ఒకే కాగితాన్ని రెండుసార్లు వాడకుండా ఆమె వచ్చిన అంకెలను రాసి పెట్టుకుంటే చాలు.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన సంగతి కాదు. పేరు దాచుకుని తిరిగే టార్ బ్రౌజర్ వాడేవాళ్లకు అడుగడుగునా క్యాప్చాలు ఎదురవుతుంటే, ఈ ఆలోచన మీదే 2017లో ప్రైవసీ పాస్ అనేది వచ్చింది. 2024 జూన్‌లో ఇంటర్నెట్ ప్రమాణంగా ప్రకటించారు. 2022 నుంచి ఐఫోన్లలో కూడా ఈ తరహా టోకెన్లు, అంటే సంతకం పడిన ఆ కాగితం లాంటివి, ఉన్నాయి.

దీని పక్కనే ఇంకో సాధనం ఉంది. ఒక విషయం నిజమని నిరూపిస్తూ, అది తప్ప మరో ముక్క కూడా బయటపెట్టకుండా ఉండొచ్చని 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అనే పరిశోధకులు చూపించారు. దాన్ని వాడితే ఒక్కో సైట్‌కు ఒక్కో మారుపేరు పుట్టించవచ్చు. ఒక సైట్‌లో మీరు ఎన్నిసార్లు చేరాలనుకున్నా అదే మారుపేరు వస్తుంది, కాబట్టి వంద ఖాతాలు తెరవలేరు. ఇంకో సైట్‌లో వేరే మారుపేరు వస్తుంది, కాబట్టి ఆ రెండు సైట్ల వాళ్లు కూడబలుక్కున్నా మిమ్మల్ని కలపలేరు.

మోసానికి ఆస్కారం ఉన్న చోటు ఒకటి చెప్పాలి. సంతకం పెట్టేవాళ్లు దుర్మార్గులైతే ఒక్కో మనిషికి ఒక్కో సిరా వాడొచ్చు. అప్పుడు సంతకం రంగును బట్టి మనిషిని పట్టేస్తారు. అందుకే సంతకాన్ని సరిచూసే వాళ్ల తాళపు సంఖ్య (పోలికలో సిరా అన్నది ఇదే) అందరికీ ఒకటేనని ఎవరైనా సరిచూసుకునేలా బహిరంగంగా ఉండాలి. ఎవరైనా మీకు ఇలాంటి వ్యవస్థ అమ్మడానికి వస్తే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

గడపదాటి · సోమవారం, రాత్రి 10:37

అంతా చదివాను. అర్థమైంది కూడా. ఒక్కటే అడుగుతాను. ఆ కవరు మీద సంతకం పెట్టేది ఎవరు?

నేను కట్టుబట్టలతో ఇల్లు వదిలి వచ్చాను. నా కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఫోన్ కూడా ఆయన పేరు మీదే కొన్నది, అందుకే పారేశాను. కొత్త కాగితాలు రావడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాది నన్ను బతికించింది ఇలాంటి ఒక గ్రూపే. సంతకం కావాలంటే కార్డు చూపించమని ఉంటే నేను ఆ రోజు మనిషి లెక్కలోకి వచ్చేదాన్ని కాదు.

తాళంచెవి · సోమవారం, రాత్రి 11:15

గడపదాటి గారూ, అసలు చిక్కు మీరు చెప్పిన చోటే ఉంది. గణితం కవరును కాపాడుతుంది. కవరు పట్టుకుని ఎవరి ముందు నిలబడాలో అది చెప్పదు.

ఐఫోన్ పద్ధతిలో సంతకానికి ఆధారం ఫోన్. అది తేల్చేది ఫోన్ అసలైనదని, పట్టుకున్నది మనిషని కాదు. వందల ఫోన్లు అరల్లో పేర్చి నడిపే గదులు ఉన్నాయి. పైగా ఆ దారిన పోతే ఎవరు లోపలికి రావాలో ఫోన్ తయారుచేసేవాళ్లే నిర్ణయిస్తారు. 2023లో గూగుల్ బ్రౌజర్లకు ఇలాంటిదే ప్రతిపాదిస్తే గట్టిగా వ్యతిరేకత వచ్చి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకుంది.

కంటిపాపను ఫోటో తీసి సంతకం పెట్టే పద్ధతి ఇంకోటి. 2023 జులైలో వరల్డ్‌కాయిన్ మొదలుపెట్టింది. కాగితాలు అక్కర్లేదు, ఆ మాట నిజం. కానీ వచ్చినవాళ్లకు క్రిప్టో నాణేలు ఇస్తామన్నారు. డబ్బు అవసరమున్నవాళ్లు వరుసలు కట్టారు. నెల తిరక్కుండానే కెన్యా ఆపేసింది. 2024 మార్చిలో స్పెయిన్, పోర్చుగల్ కూడా ఆపమని ఆదేశించాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. కన్ను మార్చుకోలేం.

2024 ఆగస్టులో ఓపెన్‌ఏఐ, మైక్రోసాఫ్ట్, ఎంఐటీ, హార్వర్డ్ వంటి చోట్ల పనిచేసేవాళ్లు కలిసి రాసిన పత్రం ఒకటుంది. సంతకం పెట్టేవాళ్లు ఒక్కరే ఉండకూడదు, పలు రకాలవాళ్లు ఉండాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలో మనిషే ఎంచుకోవాలి అని అందులో ఉంది. నేను దానితో ఏకీభవిస్తాను. మీ విషయంలో సంతకం పెట్టాల్సింది ప్రభుత్వం కాదు, ఫోన్ కంపెనీ కాదు. మిమ్మల్ని ఆ రాత్రి కాపాడిన ఆశ్రయం నడిపేవాళ్లు పెట్టగలగాలి.

సూటిమాట · మంగళవారం, ఉదయం 7:40

కార్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. గడపదాటి గారి పోస్టు రెండుసార్లు చదివాను.

అయినా ఒక సందేహం ఉంది. సంతకం ఉన్న కాగితాన్ని అమ్ముకుంటే? అవసరంలో ఉన్నవాళ్ల దగ్గర కొని వెయ్యి బాట్లకు తగిలిస్తే? మనిషి అసలైనవాడే, సంతకమూ అసలైనదే, లోపలికి వచ్చేది మాత్రం బాటే.

తాళంచెవి · మంగళవారం, ఉదయం 8:25

నిజమే, దీనికి పూర్తి మందు లేదు. అద్దెకిచ్చేవాళ్లను ఆపలేం. మారుపేరు పద్ధతిలో ఒక కాగితానికి ఒక సైట్‌లో ఒక్క ఖాతానే వస్తుంది కాబట్టి వెయ్యి బాట్లకు వెయ్యి మందిని కొనాలి. ఖర్చు పెరుగుతుంది. తప్పు చేసిన మారుపేరును నిషేధిస్తే ఆ మనిషి అక్కడికి మళ్లీ రాలేడు. అంతవరకే నేను హామీ ఇవ్వగలను. అందరూ నమ్మే కేంద్రం ఒకటి లేకుండా దొంగ గుర్తింపులను పూర్తిగా అరికట్టడం వాస్తవంలో కుదరదని 2002లోనే జాన్ డూసర్ అనే పరిశోధకుడు చూపించాడు. కేంద్రం పెడితే గడపదాటి గారి లాంటివాళ్లు బయటే ఉండిపోతారు. ఎంత కేంద్రం, ఎంత వదులు అన్నది ఎక్కడికక్కడ తేల్చుకోవాల్సిందే.

పాతకాపు · మంగళవారం, ఉదయం 10:10

340 మంది గ్రూప్‌కు ఇంత బరువు మోయనక్కర్లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా.

తీగమల్లె గారూ, మీకు నష్టం చేసింది బాట్ లోపలికి రావడం ఒక్కటే కాదు. వచ్చిన కొన్నాళ్లకే ప్రైవేట్ మెసేజ్ పెట్టగలగడం, లింకు పంపగలగడం. ఆ రెండూ కొత్తవాళ్లకు మూసేయండి. అందరూ చూసే చోట ఎన్ని రోజులైనా మాట్లాడనివ్వండి. లింకుతో పనిలేనివాడికి ఏ ఇబ్బందీ ఉండదు. లింకు కోసమే వచ్చినవాడికి మూడు నెలలు ఎదురుచూడటం గిట్టుబాటు కాదు.

లోపలికి రావడానికి హామీ పద్ధతి పెట్టండి. పాత సభ్యులు ఇద్దరు "ఈ మనిషి నాకు తెలుసు" అంటే చాలు, పేరు అక్కర్లేదు. వాళ్లు ఎవరికి హామీ ఇచ్చారో ఆ ఖాతా బాట్ అని తేలితే, ఆ ఇద్దరూ కొన్నాళ్లు ఇంకెవరికీ హామీ ఇవ్వలేరు. ఒక్క జాగ్రత్త. ఎవరు ఎవరికి హామీ ఇచ్చారన్న జాబితా కూడా రహస్యమే. అది చూస్తే ఎవరెవరు స్నేహితులో, ఎవరు ఏ ఇంటివాళ్లో ఊహించేయొచ్చు. రెండు నెలలు ఉంచి చెరిపేయండి. నేను ఒకప్పుడు చెరపలేదు. ఒక సభ్యుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఆ జాబితా చిక్కింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

చిరుగాలి · మంగళవారం, ఉదయం 11:02

ఎవరూ తెలియనివాళ్ల సంగతో? మొదటిసారి ధైర్యం చేసి వచ్చేవాళ్లలో చాలామంది ఒంటరివాళ్లే కదా.

వినికిడి · మంగళవారం, మధ్యాహ్నం 12:45

బ్రయాన్ ఫోర్డ్ అనే పరిశోధకుడు 2008లో ఒక పద్ధతి చెప్పాడు. అందరూ ఒకే సమయానికి వేర్వేరు చోట్ల గుమిగూడతారు, తలా ఒక టోకెన్ తీసుకుని వెళ్తారు. పేరు అడగరు. ఒక శరీరం ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కాబట్టి రెండు టోకెన్లు రావు. నాకు ఇందులో నచ్చింది, ఎవరూ ఏమీ రుజువు చేసుకోనక్కర్లేదు. వచ్చి ఉంటే చాలు.

మీరు దాన్నే గొంతుతో చేయొచ్చేమో. వారానికి ఒక గంట, అందరికీ అదే గంట. గొంతులను కూడా ఇప్పుడు యంత్రాలు అనుకరిస్తున్నాయి, అది తెలిసే అంటున్నాను. కానీ ఆరేళ్లు ఆ బాధ పడినవాళ్లు ముగ్గురు ఎదురుగా ఉండి పదిహేను నిమిషాలు మాట్లాడితే, అవతల ఉన్నది ఏమిటో కొంతవరకైనా తెలుస్తుందని నా నమ్మకం. మాటలు రానివాళ్లకు టైపు చేసే దారి కూడా ఉంచండి.

తీగమల్లె · మంగళవారం, రాత్రి 10:20

మా పాత సభ్యులతో సాయంత్రం మాట్లాడాను. ఇలా అనుకున్నాం.

ఇద్దరి హామీతో రావచ్చు. హామీ వివరాలు 60 రోజులకు చెరిపేస్తాం. ఎవరూ తెలియనివాళ్లకు ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి పది దాకా వాయిస్ కాల్, ముగ్గురు పాతవాళ్లతో. కెమెరా ఉండదు, రికార్డింగ్ ఉండదు, పేరు అడగం. మాట్లాడలేనివాళ్లు అదే గంటలో రాయవచ్చు. తృప్తి పడ్డాక తాళంచెవి గారు చెప్పిన కవరు పద్ధతిలో టోకెన్ ఇస్తాం, అంటే ఆ కాల్‌లో మాట్లాడినవాళ్లలో తర్వాత ఏ ఖాతా ఎవరు తెరిచారో మాకూ తెలియదు. కోడ్ ఆయనే రాసిస్తానన్నారు. మొదటి 30 రోజులు ప్రైవేట్ మెసేజ్‌లు ఉండవు, 90 రోజులు లింకులు ఉండవు. ఫోన్ నంబరు, కార్డు ఎప్పటికీ అడగం.

ఇది దాటి కూడా ఏదో ఒకటి లోపలికి వస్తుంది, తెలుసు. ఆ మాట ముందు పేజీలోనే రాసి పెడతాం. మా సభ్యురాలికి తెలియకుండా పోయింది కూడా అదే.

తాళంచెవి · మంగళవారం, రాత్రి 10:41

ఒక చిన్న సవరణ. టోకెన్ అందిన వెంటనే ఖాతా తెరవనివ్వకండి. ఆదివారం ముగ్గురే వచ్చి, పది నిమిషాల్లో మూడు ఖాతాలు తెరుచుకుంటే ఎవరెవరో ఊహించడానికి గణితం అక్కర్లేదు. వారంలో ఎప్పుడైనా తెరుచుకోమని చెప్పండి. ఒకరిద్దరే వచ్చిన వారం టోకెన్లు ఆపి, తర్వాతి వారం వాళ్లతో కలిపి ఇవ్వండి.

తీగమల్లె · శుక్రవారం, సాయంత్రం 6:15

ప్రవేశ పేజీ సిద్ధమైంది. వినికిడి గారూ, అందరికన్నా ముందు మీరు ఒకసారి చూసి పెడతారా? లింకు మీకు విడిగా పంపాను.

వినికిడి · శుక్రవారం, రాత్రి 8:52

చూశాను. బటన్లన్నీ స్క్రీన్ రీడర్ చక్కగా చదువుతోంది. ఒక్క ఇబ్బంది ఉంది. టోకెన్ అతికించడానికి 2 నిమిషాల గడువు పెట్టారు. ఆ పేజీ మొత్తం వినడానికే నాకు 3 నిమిషాలు పట్టింది.

తీగమల్లె · శుక్రవారం, రాత్రి 9:04

గడువు తీసేశాను. ఇంకోసారి చూడండి.